పబ్బులో డ్రింకులో మత్తు కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు 14 నెలలపాటు శుక్ర, శనివారాల రాత్రులు ఒక స్టూడెంట్ బార్‌లో కౌంటర్ వెనక పనిచేశాను. హైదరాబాద్ తిరిగొచ్చాక చెల్లెళ్లు, తమ్ముళ్ల వయసు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. చదివి భయపడి ఇంట్లో కూర్చోమని కాదు. బయటికి వెళ్లినప్పుడు పనికొస్తాయని రాస్తున్నాను.

అసలు డ్రింకులో మత్తు కలపడం అంటే ఏంటి?

మనకు తెలియకుండా, మనం ఒప్పుకోకుండా మన గ్లాసులో ఏదైనా కలపడం. మనవాళ్లకు ఇదేం కొత్త విషయం కాదు. అపరిచితులు ఇచ్చే తినుబండారాలు తీసుకోవద్దని రైల్వే వాళ్లు ఎన్నేళ్లుగా చెబుతున్నారో గుర్తు తెచ్చుకోండి. మత్తు బిస్కెట్లు పెట్టి నగలు, సామాన్లు దోచుకెళ్లిన వార్తలు వింటూనే పెరిగాం. పబ్బులో జరిగేదీ అదే నేరం. రైల్లో అయితే కళ్లు తెరిచేసరికి బోగీ నిండా మనుషులుంటారు. పబ్బులో అయితే మనిషిని అక్కణ్నుంచి తీసుకుపోతారు. అందుకే ఇది ఇంకా ప్రమాదం.

ఎక్కువగా ఏం కలుపుతారు?

అందరూ ఏదో తెల్లటి పొడినే ఊహించుకుంటారు. నిజానికి ఎక్కువగా కలిపేది ఆల్కహాలే, ఇంకొంచెం ఆల్కహాల్.

కౌంటర్ దగ్గర నేను కళ్లారా చూసింది చెబుతాను. చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను ముందుకు వంగి, గొంతు తగ్గించి, "ఆ అమ్మాయి సింగిల్ అడిగింది, మీరు డబుల్ పోయండి. చెప్పక్కర్లేదు, డబ్బులు నేనిస్తా" అన్నాడు. అక్కడ సింగిల్ అంటే 25 ఎంఎల్, డబుల్ అంటే 50. కోక్ నిండా ఐసు వేస్తే ఆ తేడా నాలుకకు తెలియదు. నేను పోయలేదు. ఆ అమ్మాయి వాష్‌రూమ్ నుంచి వస్తుంటే దారిలో ఆపి చెప్పాను. ఆ 14 నెలల్లో అలా అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. తాము తప్పు చేస్తున్నామని ఒక్కరి మొహంలోనూ కనిపించలేదు. మన దగ్గర స్మాల్ చెబితే లార్జ్ పోయించడం, కూల్‌డ్రింక్ అడిగినవాళ్ల గ్లాసులో సరదాకి వోడ్కా వేయడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. దాన్ని సరదా అనకండి.

ఇక మత్తుమందుల విషయానికొస్తే, నిద్రమాత్రల రకం ఒకటి. అందులో ఆల్‌ప్రజోలం పేరు తెలంగాణలో పేపరు చదివే ప్రతివాళ్లకూ తెలుసు. కల్తీ కల్లులో దొరికేది అదే. రోహిప్నాల్ కూడా ఆ కుటుంబానిదే. జీహెచ్‌బీ అనేది ద్రవం, రంగుండదు. కెటమిన్‌ను ఆసుపత్రుల్లో మత్తు ఇవ్వడానికి వాడతారు. వీటిలో ఏది ఆల్కహాల్‌తో కలిసినా ప్రమాదమే. అసలు భయం ఊపిరి నెమ్మదించడం గురించి.

రంగు, రుచి చూసి కనిపెట్టలేమా?

లేదు. 1990ల చివర్లో రోహిప్నాల్ తయారుచేసే కంపెనీ ఆ మాత్రలో నీలం రంగు కలిపింది. తెల్లటి డ్రింకులో వేస్తే రంగు తేలుతుంది. కానీ కోలాలోనో, పబ్బుల్లో వెలిగే నీలం లైట్ల కిందో ఎవరికి కనిపిస్తుంది? పైగా వేరే కంపెనీల మాత్రల్లో ఆ రంగు ఉండకపోవచ్చు. జీహెచ్‌బీకి కాస్త ఉప్పదనం ఉంటుంది, కానీ నిమ్మరసం, ఉప్పు, మసాలా పడ్డ కాక్‌టెయిల్‌లో అది తెలియదు. అయినా రుచి తేడాగా అనిపిస్తే తాగకండి, ఆ గ్లాసు పక్కన పెట్టేయండి. తేడా ఏమీ లేదు కాబట్టి భయం లేదని మాత్రం అనుకోకండి.

ఆన్‌లైన్‌లో టెస్ట్ స్ట్రిప్‌లు, గ్లాసు మూతలు అమ్ముతున్నారు. కొనాలా?

మూత మంచిదే. మీకు చిరాకుగా లేకపోతే వాడండి. స్ట్రిప్‌ల మీద నాకు అంత నమ్మకం లేదు. ఒక్కో స్ట్రిప్ రెండు మూడు రకాల మందుల్నే పట్టుకుంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా కలిపే ఆల్కహాల్‌ని అది ఎలాగూ పట్టుకోలేదు. స్ట్రిప్ బాగానే ఉందని చూపిస్తే మనం నిర్లక్ష్యంగా ఉంటాం. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి బార్‌లు, నైట్‌క్లబ్‌లు ఇలాంటి టెస్ట్ కిట్లు అందుబాటులో ఉంచాలని, ఆ సంగతి బోర్డు మీద రాసి పెట్టాలని చట్టం తెచ్చారు. కిట్టు సంగతి ఎలా ఉన్నా నాకు ఆ బోర్డు నచ్చింది. ఇక్కడ ఎవరో గమనిస్తున్నారని తప్పు చేయబోయేవాడికి అది చెబుతుంది.

నేను మందే ముట్టను. నాకు ఈ టెన్షన్ ఉండదు కదా?

మాక్‌టెయిల్‌లోనూ కలపొచ్చు, మంచినీళ్లలోనూ కలపొచ్చు. కాకపోతే తాగని మనిషి తూలుతుంటే చుట్టూ ఉన్నవాళ్లకు అనుమానం త్వరగా వస్తుంది.

తెలిసినవాళ్లతోనే వెళ్తాను. అయినా జాగ్రత్త అవసరమా?

అవసరమే. చేసేది ఎప్పుడూ కొత్తవాళ్లే అనుకోవద్దు. ఫ్రెండు ఫ్రెండు, ఆఫీసు సీనియర్, రెండోసారి కలిసిన డేటింగ్ యాప్ పరిచయం, ఎవరైనా కావచ్చు. అందరినీ అనుమానించమని నేను అనను, అలా బతకలేం. ఒక పని చేస్తే చాలు. మీరు వద్దన్నాక మీ మాట ఎంత తేలిగ్గా తీసుకుంటున్నారో చూడండి. "ఇంకొక్కటి, నా కోసం" అని మూడోసారి బతిమాలేవాడు తెచ్చిచ్చే గ్లాసు మీకొద్దు. మొహమాటం పక్కన పెట్టేయండి.

గ్లాసు విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మీ డ్రింకు మీరే ఆర్డర్ చేయండి. పోసేటప్పుడు చూడండి. సీసా అయితే మూత మీ ముందే తీయించుకోండి. సన్నమూతి సీసా గ్లాసుకన్నా మేలు, మూతి మీద బొటనవేలు పెట్టుకుని తిరగొచ్చు. డ్యాన్సుకో వాష్‌రూమ్‌కో వెళ్తే గ్లాసు వెంట తీసుకెళ్లండి, లేదంటే మీ మనిషి చేతికిచ్చి వెళ్లండి. టేబుల్ మీద వదిలేసి వెళ్లారా, వచ్చాక తాగొద్దు. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. కాక్‌టెయిల్ 600 రూపాయలు, సగం కూడా తాగలేదు, పారబోయడానికి చేతులు రావు. పారబోయండి. అందరికీ కలిపి జగ్గులో వచ్చేది, పక్క టేబుల్‌వాళ్లు పంపిన షాట్లు కూడా వద్దు.

బయల్దేరే ముందు అన్నం తినండి. ఖాళీ కడుపుతో వెళ్తే రెండో పెగ్గుకే తల తిరుగుతుంది. అప్పుడు అది మందు వల్లో, ఎవరైనా కలిపినదాని వల్లో మీకే తెలియదు.

ఇదంతా అమ్మాయిల సమస్యే కదా?

కాదు. మాంచెస్టర్ కేసు గురించి అబ్బాయిలు తప్పకుండా తెలుసుకోవాలి. 2020 జనవరిలో అక్కడి కోర్టు ఒక వ్యక్తికి జీవిత ఖైదు వేసింది. అతను దాడి చేసింది 48 మంది యువకుల మీద. రాత్రిపూట క్లబ్బుల బయట ఒంటరిగా మిగిలిపోయినవాళ్లను, ఫ్రెండ్స్ నుంచి తప్పిపోయినవాళ్లను పలకరించి, సాయం చేస్తున్నట్టు తన ఫ్లాట్‌కి తీసుకెళ్లేవాడు. అక్కడ ఇచ్చిన డ్రింకులో జీహెచ్‌బీ కలిపేవాడని పోలీసులు నమ్మారు. చాలామందికి తమకేం జరిగిందో కూడా తెలియదు. పోలీసులు వచ్చి తలుపు కొట్టి చెప్పాకే తెలిసింది. తర్వాత 2022లో బ్రిటన్ జీహెచ్‌బీని ఇంకా కఠినమైన డ్రగ్స్ తరగతిలోకి మార్చింది.

అది క్లబ్బు లోపల గ్లాసు దగ్గర మొదలైన కథ కాదు, గేటు బయట మొదలైంది. ఫ్రెండ్స్ వెళ్లిపోయాక మొదలైంది. ఇవికాక అబ్బాయిల మీద దోపిడీలు వేరే ఉంటాయి. మత్తులో ఉన్నవాడి వేలితో ఫోన్ తెరిచి యూపీఐలో డబ్బు లాగేయడానికి ఎంతసేపు పడుతుంది? సిగ్గుపడి ఎవరికీ చెప్పకపోవడమే అబ్బాయిల విషయంలో జరిగే అతి పెద్ద నష్టం.

గ్లాసుకన్నా మనిషిని కనిపెట్టుకుని ఉండాలని మీరు అంటుంటారు. ఎందుకు?

గ్లాసును వంద శాతం కాపాడుకోవడం ఎవరి వల్లా కాదు కాబట్టి. రెప్పపాటులో పని అయిపోతుంది. కానీ మత్తు ఎక్కిన మనిషిని బయటికి తీసుకెళ్లడానికి టైమ్ పడుతుంది, నలుగురి ముందు నుంచే తీసుకెళ్లాలి. ఆపగలిగేది అక్కడ.

నా ఫ్రెండ్ పుట్టినరోజు, హైదరాబాద్‌లో ఒక పబ్. తను తాగింది ఒక్కటే, అదీ సగం. వాష్‌రూమ్‌కి వెళ్లొచ్చి మిగిలింది తాగేసింది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఫోన్ తలకిందులుగా పట్టుకుని, అన్‌లాక్ చేయడానికి కెమెరా మీద బొటనవేలు నొక్కుతూనే ఉంది. నవ్వుతోందనుకున్నాం, చూస్తే కళ్లు ఎటూ నిలవడం లేదు. మేం బిల్లు కోసం అటు తిరిగాం, అంతలో ఒకతను ఆమె భుజం పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లిపోయాడు. బౌన్సర్ తలుపు తీసి పట్టుకున్నాడు కూడా. ఎందుకంటే అతను ఆమెని పేరు పెట్టి పిలుస్తున్నాడు. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకుంటే "మా ఫ్రెండే, దింపేస్తా" అన్నాడు. మాలో ఎవరం అతన్ని అంతకుముందు చూడలేదు. మరి పేరెలా తెలుసంటే, అరగంట ముందు కేక్ కోస్తూ మేమంతా గొంతెత్తి పాడిన పాటలోనే తన పేరుంది.

అందుకే చెబుతున్నాను. ఎంతమంది వెళ్లారో అంతమందే తిరిగి రావాలి. లోపలికి వెళ్లే ముందే ఇది మాట్లాడుకోండి. ఆ రాత్రికి ఒకరు తాగకుండా ఉండండి. మధ్యలో ఎవరైనా "నేను ఇంకెవరితోనో వెళ్తా" అంటే, మామూలుగా ఉన్నప్పుడు చెప్పిన మాటేనా, తూలుతూ చెప్పిందా అన్నది చూడండి. తూలుతూ చెబితే ఆ మాట లెక్కలోకి రాదు. వాళ్లు కోప్పడ్డా సరే, పొద్దున మాట్లాడుకోవచ్చు.

మందు ఎక్కువైందా, ఎవరైనా కలిపారా? ఎలా తెలుస్తుంది?

తాగినదానికీ మనిషి ఉన్న స్థితికీ పొంతన కుదరదు. రోజూ మూడు తాగి మామూలుగా ఉండే మనిషి ఒక్కదానికే కూలబడటం, మాట ముద్దగా రావడం, కాళ్లు చెప్పినట్టు వినకపోవడం, వాంతులు, అడిగిందే మళ్లీ అడగడం. చాలా మందులు 15 నుంచి 30 నిమిషాల్లో పని మొదలుపెడతాయి. మర్నాడు లేచాక మధ్యలో కొన్ని గంటలు గుర్తే లేకపోవడం ఇంకో గుర్తు.

జలుబు మాత్రలు, నిద్రమాత్రలు వేసుకుని తాగినా ఇలాగే అవుతుంది. ఏది కారణమో ఆ రాత్రి తేల్చే పని మీది కాదు. ఏదైనా చేయాల్సింది ఒక్కటే, కింద చెప్పినట్టు.

ఫ్రెండ్‌కి అలా అయితే ఏం చేయాలి?

ఒంటరిగా వదలొద్దు, ఒక్క నిమిషం కూడా. స్టాఫ్‌కి, మేనేజర్‌కి స్పష్టంగా, "మా ఫ్రెండ్ డ్రింకులో ఎవరో ఏదో కలిపారని అనుమానం" అని చెప్పండి. తాగేసిందని చెబితే గేటు బయట కూర్చోబెడతారు, కలిపారని చెబితే కదులుతారు. వెలుతురు, గాలి ఉన్నచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తూ ఉండండి. గ్లాసు కడగనివ్వకండి, అలాగే పక్కన పెట్టించండి. టైమ్ ఫోన్‌లో రాసుకోండి.

స్పృహ తప్పుతుంటే ఎడమ పక్కకి తిప్పి, పై కాలు మోకాలి దగ్గర మడిచి పడుకోబెట్టండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, వాంతి గొంతులోకి పోతుంది. నిమ్మరసం, మజ్జిగ, బ్లాక్ కాఫీ ఏదీ పట్టించకండి. వేళ్లు పెట్టి వాంతి చేయించకండి. చన్నీళ్ల స్నానం వద్దు. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి ఆగి ఆగి తీసుకుంటున్నా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 112 లేదా 108. క్యాబ్ బుక్ చేసి ఒక్కదాన్నే ఎక్కించి పంపేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

సూది గుచ్చి మత్తు ఎక్కిస్తారంటున్నారు, నిజమా?

2021 అక్టోబర్‌లో బ్రిటన్‌లో ఇలాంటి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చాలా యూనివర్సిటీ ఊళ్లలో అమ్మాయిలు ఒక రాత్రి క్లబ్బులకు వెళ్లకుండా నిరసన తెలిపారు. పరీక్షల్లో మత్తుమందు ఎక్కించినట్టు తేలినవి చాలా అరుదు. కదిలే మనిషికి తెలియకుండా అంత మందు ఎక్కించడం తేలిక కాదు. అయినా ఒంటి మీద గుచ్చిన గుర్తు కనిపిస్తే డాక్టర్‌కి చూపించాల్సిందే. సూదుల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్ల కోసమైనా పరీక్ష చేస్తారు.

హాస్పిటల్‌లో ఏం అడగాలి?

మూత్రం శాంపిల్. మొట్టమొదట ఇదే అడగండి.

పుట్టినరోజు అమ్మాయిని ఆ రాత్రే క్యాజువాలిటీకి తీసుకెళ్లాం. ఏ ఆసుపత్రో చెప్పను. డ్యూటీలో ఉన్నాయన దగ్గరికొచ్చి వాసన చూసి, "తాగిందమ్మా, సెలైన్ పెడతాం, పొద్దునకల్లా లేస్తుంది" అన్నారు. అనుమానం అని మేం రెండుసార్లు చెప్పినా కాగితం మీద రాసింది "మద్యం మత్తు" అనే. శాంపిల్ తీయలేదు. మాకూ అడగాలని తెలియదు. మర్నాడు మధ్యాహ్నం ఇంకోచోట పరీక్ష చేయిస్తే ఏమీ కనిపించలేదు. జీహెచ్‌బీ లాంటివైతే మూత్రంలో దాదాపు 12 గంటలే దొరుకుతాయి, రక్తంలో ఇంకా తక్కువ. నిద్రమాత్రల రకం కొన్ని రోజులు ఉండొచ్చు. ఆ రాత్రి ఏం జరిగిందో తనకి ఇప్పటికీ తెలియదు. గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

కాబట్టి గట్టిగా అడగండి: మెడికో లీగల్ కేసుగా (అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా) రాయండి, మూత్రం, రక్తం తీసి భద్రపరచండి, మత్తుమందుల కోసం పరీక్షకు పంపండి. ఆసుపత్రికి చేరేలోపు మూత్రానికి వెళ్లక తప్పకపోతే, శుభ్రమైన సీసాలో పట్టి తీసుకెళ్లండి. లైంగిక దాడి జరిగిందన్న అనుమానం ఉంటే స్నానం చేయకండి, బట్టలు ఉతక్కండి, వాటిని కాగితం సంచిలో పెట్టండి. గర్భం రాకుండా వేసుకునే మాత్ర, హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. అలాంటి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఏవైనా ఉచితంగా చికిత్స చేయాల్సిందేనని చట్టం చెబుతోంది. ముందు డబ్బు కట్టమంటే అది వాళ్ల తప్పు.

నేనూ తాగి ఉన్నాను. పోలీసుల దగ్గరికి వెళ్తే నన్నే తిడతారేమో?

ఈ భయంతోనే చాలామంది ఆగిపోతారు. తాగడం మీ నిర్ణయం. కలపడం వాడి నేరం. రెండూ ఒక్కటి కావు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 123వ సెక్షన్ దీని కోసమే ఉంది. హాని చేయాలనో, నేరం చేయాలనో మత్తు పదార్థం ఇస్తే పదేళ్ల దాకా జైలు, జరిమానా. పాత ఐపీసీలో ఇది 328. ఆ తర్వాత ఇంకేం జరగకపోయినా, ఆ ఉద్దేశంతో ఇవ్వడమే నేరం. మత్తులో ఉండి, జరుగుతున్నదేంటో తెలియని స్థితిలో అన్న "సరే" చట్టం దృష్టిలో సమ్మతి కాదు.

ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపడానికి వీల్లేదు. 112, మహిళలకు 181 ఉన్నాయి. తెలంగాణలో మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి. జిల్లాల్లో సఖి కేంద్రాల్లో వైద్యం, లాయరు, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి. ఒంటరిగా వెళ్లొద్దు. గట్టిగా మాట్లాడగల పెద్దవాళ్లనో, ఫ్రెండ్‌నో తోడు తీసుకెళ్లండి.

చదువుకోవడానికి విదేశం వచ్చాను. ఇక్కడ ఎవరికి చెప్పాలి?

బ్రిటన్‌లో అత్యవసరమైతే 999, తర్వాత ఫిర్యాదుకి 101. అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000. బ్రిటన్‌లో చాలా బార్‌లలో "ఏంజెలా ఉందా?" అని అడిగితే స్టాఫ్‌కి మీరు ఇబ్బందిలో ఉన్నారని అర్థమవుతుంది, పక్కకి తీసుకెళ్లి క్యాబ్ పిలుస్తారు. 2016లో లింకన్‌షైర్‌లో మొదలైన పద్ధతి ఇది. ఆ మాట గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, మామూలుగా సాయం అడగండి. కౌంటర్ వెనక నిలబడ్డ మనిషిగా చెబుతున్నాను, అలా అడిగినవాళ్లను మేం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. ఇంగ్లండ్‌లో లైంగిక నేరం ఉద్దేశంతో మత్తు కలిపితే 2003 నాటి లైంగిక నేరాల చట్టం కింద పదేళ్ల దాకా శిక్ష. కొత్త దేశం, వీసా అని గుండె దడగా ఉంటే ముందు యూనివర్సిటీ స్టూడెంట్ సపోర్ట్‌కి వెళ్లండి. మీరు బాధితులు, నిందితులు కాదు.

అమ్మానాన్నలం. పిల్లలకు ఏం చెప్పి పంపాలి?

"ఏ రాత్రైనా, ఎన్ని గంటలకైనా ఫోన్ చెయ్యి. వచ్చి తీసుకెళ్తాం, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగం" అని చెప్పండి. చెప్పినట్టే ఉండండి. పబ్బుకి వెళ్లానని ఇంట్లో తెలిస్తే చంపేస్తారన్న భయంతో 112కి కూడా ఫోన్ చేయని పిల్లల్ని చూశాను.

అప్పుడే వారమైంది. ఇప్పుడు చెప్పినా లాభం ఉందా?

ఉంది, అందుకే ఇవాళే వెళ్లండి. పబ్బుల్లో సీసీ కెమెరాల పాత రికార్డింగ్ మీద కొన్ని వారాలకే కొత్తది ఎక్కేస్తుంది. ఫలానా తేదీ, ఫలానా గంటల ఫుటేజీ చెరపకుండా ఉంచమని పబ్బు మేనేజర్‌కి మెయిల్ పెట్టండి, ఆ మెయిల్ కాపీ ఫిర్యాదుకి జత చేయండి. బిల్లు, క్యాబ్ రసీదు, యూపీఐ మెసేజ్‌లు, ఆ రాత్రి తీసిన ఫోటోలు అన్నీ టైమ్‌తో సహా దాచండి. ఫోటోల్లో వెనక నిలబడ్డవాళ్లు కూడా ఉంటారు. మూత్రంలో ఏమీ దొరక్కపోయినా, కొన్ని రకాల మందులు నెల తర్వాత వెంట్రుకల్లో బయటపడొచ్చు. కాబట్టి జుట్టు పొట్టిగా కత్తిరించుకోకండి, రంగు వేయించుకోకండి. పరీక్ష ఎప్పుడు చేయించాలో దర్యాప్తు అధికారిని అడగండి.

గుర్తున్నంత మటుకు మీ మాటల్లోనే ఒక కాగితం మీద రాయండి. గుర్తులేనిచోట ఖాళీ వదిలేయండి. ఊహించి నింపొద్దు.